క్లచ్ తొక్కితే పుల్లీ ఎందుకు జరిగింది?

రాజాం నుంచి ఒకాయన రాశారు: "మాస్టారూ, బానెట్ ఎత్తి ఉండగా మా అబ్బాయి క్లచ్ తొక్కాడు. ఇంజిన్ పుల్లీ కాస్త బయటికొచ్చినట్టు కనిపించింది. మెకానిక్‌కి చూపిస్తే క్రాంక్ పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నాడు. నిజంగా పోయిందంటారా?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎనిమిదేళ్లుగా కాచుక్కూచున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు జవాబు. ఆ పుల్లీ బిగించి ఉండేది క్రాంక్ షాఫ్టు ముందు కొసకే, షాఫ్టు జరిగితే అదీ జరుగుతుంది. క్రాంక్ షాఫ్టు ముందుకీ వెనక్కీ కాస్త జరగాలి. అసలు జరగకపోతేనే ప్రమాదం. ఎంత జరుగుతోందన్నదే తేల్చాలి, అది కంటితో తేలేది కాదు.

పిస్టన్ల ఎగుడుదిగుడు పరుగుని క్రాంక్ గిరగిరా తిరగడంగా ఎలా మారుస్తుందో బడి పుస్తకాల్లో బొమ్మతో సహా ఉంది, దాన్ని వదిలేస్తున్నాను. ఎడ్లబండి తెలిసినవాళ్లకి ఇంకో సంగతి చెబితే చాలు. ఇరుసు కొసన సీల కొడతారు కదా, ఆ సీలకీ చక్రానికీ మధ్య సందు వదలకపోతే చక్రం పట్టేస్తుంది. మరీ వదిలితే లొడలొడలాడుతూ సీలని తినేస్తుంది. కారు ఇంజిన్లోనూ అంతే. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో క్రాంకుని సాధారణంగా ఐదు మెయిన్ బేరింగులు మోస్తాయి. ఐదూ బరువు మోసేవే. అందులో ఒక్కదానికి మాత్రం అటూ ఇటూ గోడలుంటాయి. ఆ గోడలే త్రస్ట్ వాషర్లు, అర్ధచంద్రాకారపు పలచని రేకులు. క్రాంక్ పొడుగునా ఎంత జరగాలో గిరి గీసి ఆపేది అవే. ఐదింటికీ గోడలు పెడితే వేడికి ఇనుప క్రాంకు ఒకలాగ, అల్యూమినియం బ్లాకు ఒకలాగ సాగి ఎక్కడో ఒకచోట పట్టేస్తాయి. అందుకే ఒక్కచోటే కాపలా.

ఆ సందు ఎంత? కొత్త ఇంజిన్లో చాలావరకు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి నూరో నంబరు నూలు వడుకుతారు. ఆ పోగు మందం లెక్కగడితే సుమారు 0.09 మిల్లీమీటర్లు. అంటే ఒక పోగో రెండు పోగులో పట్టే సందన్నమాట. మూడు పోగులు దాటి నాలుగోది కూడా దూరితే చాలా కార్ల మాన్యువళ్లు ఒప్పుకోవు.

ఇప్పుడు నా సంగతి. ఎనిమిదేళ్ల కిందట నా పాత డీజిల్ కారు క్లచ్ తొక్కినప్పుడల్లా కిందెక్కడో 'టక్' అనేది. విజయనగరంలో నేను వెళ్లే షెడ్డు మేస్త్రీ బండి కింద దూరి, మీటతో ఏదో కదిపి, బయటికొచ్చి అన్నమాట ఇది:

"మాస్టారూ, ఓపాలి ఇటు సూడండి. కిలచ్చి తొక్కితే పుల్లీ ముందరికొస్తంది. ఒగ్గెత్తే అక్కడే ఉండిపోతంది. ఇలగెందుకవుతాదో సెప్పండి, మీరు ఫిజిక్సు కదా."

నేను చెప్పలేకపోయాను. ఇరవయ్యేళ్లు ఘర్షణ పాఠం చెప్పినవాణ్ని. సిగ్గేసింది.

నన్ను తికమక పెట్టిన లెక్క ఇది. పెట్రోలు ఇంజిన్లో ఇంధనం మండినప్పుడు పిస్టన్ మీద పడే బలం రెండు టన్నులకు పైనే. డీజిల్లో ఇంకా ఎక్కువ. అదంతా చివరికి మోసేది మెయిన్ బేరింగులే. అవేమో లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. క్లచ్ సంగతి చూడండి. పాదంతో పది కేజీల బలం పెడితే మీటల లెక్కలో అది సుమారు పదింతలై, రిలీజ్ బేరింగు ద్వారా ప్రెషర్ ప్లేటు (క్లచ్ రేకుని నొక్కిపట్టే పళ్లెం) వేళ్ల మీద వంద కేజీలుగా పడుతుంది. ఆ వేళ్లు ఫ్లైవీలుకి, అంటే క్రాంకు వెనక కొసనుండే బరువైన చక్రానికి, బిగించి ఉన్నాయి, ఫ్లైవీలు క్రాంకుకి. కాబట్టి క్రాంకు ముందుకి వెళ్లి త్రస్ట్ వాషరుకి ఆనుతుంది. రెండు టన్నులు మోసే బేరింగుకి ఏమీ కాలేదు, వంద కేజీలు మోసే వాషరు అరిగిపోయింది! ఎందుకు?

నూనె జారుడుగా ఉంటుంది కాబట్టి రాపిడి తగ్గుతుందని, గుంతల్ని పూడుస్తుందని పిల్లలకి చెబుతాం. కందెన అనే చక్కటి మాట మనకుంది, దాన్ని పలికేసి తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. అసలు రహస్యం 1883లో బయటపడింది. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, పైనుంచి నూనె పొయ్యడానికి బేరింగు నెత్తిన కన్నం పెట్టాడు. ఇరుసు తిరిగితే నూనె లోపలికి పోవడం మాని ఆ కన్నంలోంచి పైకి పొంగింది. చెక్క బిరడా కొట్టాడు, దాన్నీ తోసేసింది. ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు ఉన్న అంకెలన్నీ దాటేసింది. బేరింగు మీద పెట్టిన సగటు బరువుకి రెండింతల కంటే ఎక్కువ ఒత్తిడి! ఎవరూ పంపు పెట్టలేదు. తిరిగే ఇరుసే పంపు అయింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం కట్టాడు.

ఆ గణితం వద్దు, సిరిమాను రోజుకి రండి. పైడితల్లమ్మ పండగనాడు మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట వైపు కదిలే జనంలో మీరెప్పుడైనా పడ్డారా? వెడల్పు రోడ్డు మీద ఎంతమంది ఉన్నా నడిచిపోవచ్చు. ఆ గుంపు ముందుకి పోనుపోను ఇరుకయ్యే సందులోకి మళ్లిందనుకోండి. వెనకవాళ్లు నడుస్తూనే ఉంటారు, ముందు చోటు తగ్గుతూ ఉంటుంది. కాసేపటికి మీ కాళ్లు నేలకి ఆనవు, జనమే మిమ్మల్ని ఎత్తుకుపోతుంది. పక్కనున్న తడిక గోడ బయటికి ఉబ్బుతుంది. గుంపులో ఎవరూ గొడవ పడలేదు, ఎవరూ కావాలని తొయ్యలేదు. సందు సన్నబడింది, నడక ఆగలేదు. ఒత్తిడి దానంతటదే పుట్టింది.

మెయిన్ బేరింగులో నూనె ఆ జనం. క్రాంకు బేరింగు మధ్యలో సరిగ్గా కూర్చోదు, బరువుకి ఓ పక్కకి ఒరుగుతుంది. ఒరిగినచోట సందు సన్నం, ఎదురుగా వెడల్పు. క్రాంకుని అంటుకున్న నూనె దాంతోపాటు తిరుగుతూ వెడల్పు నుంచి సన్నంలోకి దూరి, పోయే దారి లేక, క్రాంకుని ఎత్తిపట్టుకుంటుంది. సందు సగమైతే ఒత్తిడి సుమారు నాలుగింతలు. బరువు పెరిగేకొద్దీ క్రాంకు ఇంకాస్త ఒరుగుతుంది, సందు ఇంకా సన్నమవుతుంది, నూనె మరింత గట్టిగా తోస్తుంది. తన్ను తాను కాపాడుకునే ఏర్పాటు ఇది. రెండు లోహాల మధ్య మిగిలేది మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. అయినా అవి తగలవు.

త్రస్ట్ వాషరో? చదును ముఖం, దానికెదురుగా క్రాంకుది మరో చదును ముఖం. రెండూ సమాంతరం. సందు ఎక్కడా సన్నబడదు. వెడల్పు రోడ్డు మీద జనం నడిచినట్టే నూనె అలా పోతుంది, ఎవరినీ ఎత్తదు. పైగా దానికి అందేది మెయిన్ బేరింగు పక్కల నుంచి కారిన నూనె, అంటే అందరూ తిన్నాక మిగిలిన బంతి. వాషరు మీద సన్నటి గాళ్లు కోస్తారు, కొన్నిటికి కాస్త వాలు కూడా పెడతారు, అది ఎంతో కొంత ఆదుకుంటుంది. ఓడలకి ఇదే జబ్బు ప్రాణం తీసేది. ప్రొపెల్లరు తోపుడంతా షాఫ్టు పొడుగునే వస్తుంది కదా. 1905లో ఆస్ట్రేలియాలో ఆంథొనీ మిచెల్ ఆ చదును రేకుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా దానంతటది కాస్త వాలేలా ఆనించే బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. ముక్క వాలగానే ఇరుకు సందు తయారు. అంతే, నూనె ఎత్తడం మొదలుపెట్టింది. ఆ ఊహ నాకెంత నచ్చిందంటే, మా ఆవిడకి అక్కర్లేకపోయినా ఇంట్లో అట్లకాడ వాల్చి చూపించి మరీ చెప్పాను. మన కారులో అంత ఖరీదు పెట్టరు.

ఇంకోటి, కాలం. సిలిండర్లో దెబ్బ మిల్లీసెకండ్లలో అయిపోతుంది. దమ్ము చేసిన మడిలో చకచకా నడిస్తే పాదం అంతగా దిగదు, నిలబడితే పిక్కల దాకా కూరుకుపోతుంది. నూనె పొర నలిగి బయటికి కారడానికీ వ్యవధి కావాలి. పేలుడు ఆ వ్యవధి ఇవ్వదు. క్లచ్ మీద ఆనించి ఉంచిన పాదం కావలసినంత ఇస్తుంది. గేటు పడిందని క్లచ్ తొక్కిపెట్టి కూచోవడం, సాలూరు ఘాట్లో మలుపు మలుపుకీ సగం క్లచ్ మీద బండిని నిలబెట్టడం, ఊరికే పెడలు మీద కాలు వేసి వెళ్లడం, ఇవన్నీ మడిలో నిలబడటమే.

ఇక పరీక్ష. లక్షణాలు కొన్ని చెబుతాను, కానీ ఏ ఒక్కదాన్నీ నమ్మొద్దు. క్లచ్ తొక్కగానే 'టక్'మనడం, ఐడిలింగులో క్లచ్ తొక్కితే ఇంజిన్ వేగం పడిపోవడం, వెనక ఆయిల్ సీలు కారడం, క్రాంక్ సెన్సారు ఊరికే తప్పులు చూపడం. వీటిని పోలిన దొంగలూ ఉన్నాయి. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ 'జుయ్'మంటే చాలాసార్లు అది రిలీజ్ బేరింగే. పుల్లీ తిరుగుతూ వంకరలు పోతుంటే దాని మధ్యలో రబ్బరు విడిపోయి ఉండొచ్చు, క్రాంక్ తప్పు లేదు. ఇంజిన్ మౌంటు రబ్బరు చిరిగితే ఇంజిన్ మొత్తం కదులుతుంది. బాడీతో పోల్చి చూసేవాడికి పుల్లీ బయటికొచ్చినట్టే ఉంటుంది.

అందుకే డయల్ గేజి, కంటికి ఆనని కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వెయ్యాలి. గేజి స్టాండుని ఇంజిన్ బ్లాకుకే బిగించాలి, బాడీకి కాదు. అల్యూమినియం బ్లాకుకి అయస్కాంతం అంటదు. అక్కడో బోల్టుకి ఇనప పట్టీ బిగించి దాని మీద స్టాండు నిలబెట్టాలి. గేజి కింది పుల్ల కొస పుల్లీ బోల్టు తల మీద, షాఫ్టుకి తిన్నగా ఆనాలి. ముందు మీటతో క్రాంకుని మెల్లగా వెనక్కి, చివరి దాకా తొయ్యండి. పుల్లీ రబ్బరు మీద మాత్రం బలం పెట్టొద్దు. గేజిని సున్నాకి తిప్పండి. ఇప్పుడు ఒకరిచేత క్లచ్ తొక్కించండి. ముల్లు ఆగినచోట అంకె చూడండి. గేజిలో ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. మూడుసార్లు చేసి మూడూ దగ్గరగా ఉంటేనే నమ్మండి, ఆ కారు మాన్యువల్లో అంకెతో పోల్చండి. పది నిమిషాల పని.

నా కారుకి 0.62 వచ్చింది. మాన్యువల్లో హద్దు 0.30. చాంబరు, అంటే ఇంజిన్ కింది నూనె తొట్టి, విప్పితే అడుగున బంగారు రంగు పొడి. అయస్కాంతం ఆడించాడు మేస్త్రీ, అంటలేదు. అంటే అది ఇనుము కాదు, బేరింగు పూత. వాషర్లు కొలిచాం. కొత్తది 2.50 మిల్లీమీటర్లు. పుల్లీ వైపుది 2.48 ఉంది, ఫ్లైవీలు వైపుది 2.06కి అరిగింది. క్లచ్ క్రాంకుని ముందుకి తోస్తుంది కాబట్టి బేరింగు వెనక ముఖానికున్న వాషరే నలుగుతుంది. క్లచ్ చేసిన పనేనని అంకెలే సాక్ష్యం చెప్పాయి. క్రాంకు ముఖం గీతలు పడలేదు గనక వాషర్లతో సరిపోయింది. అక్కడ మేస్త్రీ కుర్రాడు కొత్తవాటిని తిరగేసి పెట్టబోయాడు. గాళ్లున్న ముఖం క్రాంకు వైపుండాలి, బ్లాకు వైపు కాదు. తిరగేస్తే నూనె అందక కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికి.

అసలు విప్పడానికి ముందు, మంగళవారం ఇంజిన్ విప్పకూడదని షెడ్డులో పెద్ద చర్చ జరిగింది. బుధవారం విప్పారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే ఊరే మనది, నాకు పేచీ లేదు.  కానీ "క్లచ్ తొక్కే స్టార్ట్ చెయ్యాలి, లేకపోతే ఇంజిన్ పాడు" అనే మాట మాత్రం నాకు నిమ్మకాయ కంటే పెద్ద నమ్మకంగా కనిపిస్తుంది. రాత్రంతా నిలిచిన బండిలో వాషరు దగ్గర నూనె పెద్దగా మిగలదు. దాదాపు పొడిగా ఉన్న ఆ ముఖం మీద వంద కేజీలు పెట్టి తిప్పుతున్నామన్నమాట. చలికాలం గేరుబాక్సు నూనె చిక్కబడ్డప్పుడు, బ్యాటరీ నీరసించినప్పుడు క్లచ్ తొక్కడం మేలే. క్లచ్ తొక్కందే స్టార్టవని కార్లూ ఉన్నాయి, వాటితో వాదం లేదు. ఇంజిన్ అందుకున్న వెంటనే వదిలేస్తే చాలు. మిగతావాళ్లు గేరు న్యూట్రల్లో ఉందని చేత్తో చూసుకుని, కాలు తీసి స్టార్ట్ చేసుకోవచ్చు.

రాజాం ఆయనకి ఇదంతా ఫోన్లో చెప్పాను. పట్టీ బిగించి కొలిపించారు. 0.14 వచ్చింది. ఆయనది కేబుల్ క్లచ్ బండి. మౌంటు రబ్బరు నిలువునా చిరిగి ఉంది, కేబుల్ లాగినప్పుడల్లా ఇంజినే ఊగుతోంది. కొత్త మౌంటు వేయించాక బానెట్ ఎత్తి, మళ్లీ అబ్బాయి చేత క్లచ్ తొక్కించారట. ఈసారి పుల్లీ కదలలేదన్నారు. కదిలే ఉంటుంది, పోగున్నర మేర.