తుఫానుకు అందనంత దూరంలో ఒక కాపీ

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. రెండు రోజుల తర్వాత, ద్వారకానగర్‌లో నేను కంప్యూటర్లు చూసిపెట్టే ఒక ఆడిటర్ ఆఫీసుకు వెళ్లాను. కిటికీ అద్దాలు గదంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. సర్వర్ తడిసిపోయింది. అదే బల్ల మీదున్న బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా తడిసింది. "బ్యాకప్ ఉంది కదా బాబూ?" అని అడిగారు ఆడిటర్ గారు. రెండు కాపీలూ ఒకే గదిలో ఉంచింది నేనే. ఆయనకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు.

అప్పటినుంచీ బ్యాకప్ అనగానే నేను మొదట అడిగేది, "రెండో కాపీ ఎంత దూరంలో ఉంది?" అని.

దూరంగా పెట్టడం అనుకున్నంత సులువు కాదు. ఒక టెరాబైట్ అంటే 8 లక్షల కోట్ల బిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్ లైను మొత్తం మనకే దొరికినా, అంత డేటా పైకి వెళ్లడానికి 22 గంటలు పడుతుంది. పోర్టు దగ్గరి క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ప్రతి ఫైలూ హైదరాబాద్ నుంచో ముంబయి నుంచో వచ్చి తెరుచుకోవాలంటే పని సాగదు. లైను తెగిందా, ఇక చేతులు కట్టుకుని కూర్చోవడమే.

ఈ చిక్కును విప్పడానికి వచ్చిందే హైబ్రిడ్ క్లౌడ్ స్టోరేజ్ పెట్టె: కొంత డేటా ఆఫీసులో, మిగతాది క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా అందే దూరపు కంపెనీ కంప్యూటర్లలో. ర్యాకులో పెట్టే యంత్రంగా దొరుకుతుంది, ఉన్న సర్వర్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్‌గానూ దొరుకుతుంది. ఆఫీసులో వాళ్లకు ఎప్పటిలా షేర్డ్ ఫోల్డరే కనిపిస్తుంది. ఈ వారం వాడుతున్న ఫైళ్లు పెట్టెలోని వేగవంతమైన డిస్క్ మీద ఉంటాయి. ఏడాదిగా ఎవరూ ముట్టని ఫైలు పేరు మాత్రమే ఇక్కడ ఉంటుంది, సరుకంతా క్లౌడ్‌లో ఉంటుంది. దాని మీద క్లిక్ చేస్తే కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన పనితనం, ఉన్న ముక్కను మళ్లీ పంపకపోవడం. పెట్టె ప్రతి ఫైలునూ ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు గణితంతో ఒక గుర్తు కడుతుంది. షా-256 పద్ధతిలో ఆ గుర్తు 64 అక్షరాల పొడవుంటుంది. ముక్కలో ఒక్క అక్షరం మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. అదే గుర్తున్న ముక్క ఇప్పటికే క్లౌడ్‌లో ఉంటే, మళ్లీ పంపదు.

మరి ముక్కలు ఎక్కడ కోయాలి? పూలమార్కెట్‌లో మల్లెదండను ఊహించుకోండి. మూర మూరకూ కోస్తే, మొదట్లో ఒక్క పువ్వు అదనంగా గుచ్చగానే ప్రతి కోతా ఒక పువ్వు జరుగుతుంది. అన్ని ముక్కలూ కొత్తవే అయిపోతాయి. అలా కాకుండా, మధ్య మధ్య కనకాంబరం ఎక్కడ కనిపిస్తే అక్కడే కోస్తే? మొదటి ముక్క ఒక్కటే మారుతుంది, మిగతావన్నీ పాతవే. మంచి పెట్టెలు ఇలాగే, డేటాలోనే కనకాంబరం లాంటి గుర్తులు వెతుక్కుని కోస్తాయి. నిన్నటి అకౌంట్స్ బ్యాకప్‌కీ ఇవాళ్టిదానికీ తేడా కొంచెమే కాబట్టి, పైకి వెళ్లేదీ కొంచెమే. అదే కాగితాన్ని రెండోసారి స్కాన్ చేస్తే మాత్రం ఈ పొదుపు దొరకదు. కంటికి ఒకేలా ఉన్నా బిట్లు వేరు. సీసీటీవీ వీడియోలదీ అదే కథ.

ముక్కలు గడప దాటకముందే పెట్టె వాటికి తాళం వేస్తుంది, అంటే ఎవరికీ అర్థం కాకుండా మార్చేస్తుంది. వాటిని మళ్లీ విప్పే రహస్య అక్షరాల వరుసే తాళంచెవి. తాళంచెవి ఆఫీసు దగ్గరే ఉంటే, క్లౌడ్ కంపెనీ కూడా వాటిని చదవలేదు.

ఇక రాన్సమ్‌వేర్ టెన్షన్, అంటే ఫైళ్లను పనికిరాకుండా చేసి, విడిపించడానికి డబ్బు అడిగే వైరస్. వైరస్ ఫైళ్లన్నిటినీ గిలకొట్టేస్తే, పెట్టె ఆ పాడైన ముక్కల్నీ నమ్మకంగా పైకి పంపేస్తుంది. కాకపోతే పాత ముక్కల్ని చెరిపేయదు. ఫలానా రోజు వరకు ఎవరూ తుడవలేనట్టు క్లౌడ్‌లో బిగించి ఉంచితే, దాడికి ముందురోజు సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోవచ్చు. గిలకొట్టిన డేటాలో పాత ముక్కలు దొరకవు కాబట్టి, ఆ రోజు పైకి వెళ్లే లెక్క ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలే మొదటి హెచ్చరిక. రోజూ ఆ అంకె చూసే మనిషి ఆఫీసులో ఒకరైనా ఉండాలి.

2025 అక్టోబర్‌లో విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించాక, "డేటా సెంటర్ మన ఊళ్లోకే వస్తోంది కదా, ఇక దూరం దేనికండీ?" అని అడుగుతున్నారు. వేగానికి అది మేలే. రెండో కాపీ మాత్రం ఇదే తీరం మీద పెట్టడానికి నేను ఒప్పుకోను. క్లౌడ్ సేవలు కూడా అమ్మే అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నుంచి హైదరాబాద్‌లో డేటా కేంద్రాలున్నాయి. ఇక్కడి గాలి అంత దూరం వెళ్లదు.

ఆ ఆడిటర్ గారి ఆఫీసులో ఇప్పుడు ఇలాంటి పెట్టె ఉంది. మొన్న వేసవిలో ఒక శనివారం పాత పెట్టెను ఆపేసి, ఖాళీ పెట్టె ఒకటి తగిలించి, తాళంచెవి ఇచ్చి చూశాం. ముందుగా దిగింది డేటా కాదు, ఏ ఫైలుకు ఏ ముక్కలో చెప్పే పట్టిక. అది దిగగానే ఫోల్డర్లన్నీ కనిపించాయి. ఆడిటర్ గారే మౌస్ పట్టుకుని ఒక పాత బ్యాలెన్స్ షీట్ నొక్కారు. కాసేపు తిరిగి, తెరుచుకుంది. ఆ తాళంచెవిని కాగితం మీద ప్రింట్ తీసి కవర్లో పెట్టి అంటించాం. అది ఇప్పుడు రాజమండ్రిలో, ఆయన అక్కగారింటి బీరువాలో ఉంది.