థ లో చుక్క ఎటు పోయింది?

మా పెదనాన్న ఒకప్పుడు షాపు బోర్డులకి బ్రష్‌తో అక్షరాలు రాసేవాడు. మా వీధిలో పిల్లలకి చిన్న లైబ్రరీ పెడుతున్నామని ఆయన చేత "కథల గూడు" అని అట్ట మీద రాయించి, ఫోన్‌లో ఫోటో కొట్టి ఫ్లెక్స్ షాపుకి వాట్సాప్ చేశా. అతనిది ఒకటే మాట, "అన్నా ఇది పెద్దది చేస్తే పగిలిపోద్ది, కోరల్ ఫైల్ లేదా?" (కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఫైల్ అన్నమాట.)

నిజమే, నా ఫోటో వెడల్పు 1600 పిక్సెల్స్, దాన్ని 8 అడుగుల ఫ్లెక్స్ మీద పరిస్తే ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర మిల్లీమీటర్ల గడి అవుద్ది, అంచులన్నీ మెట్లు మెట్లుగా కనపడతాయి. బొమ్మని గడులుగా కాక గీతల లెక్కగా దాచే ఎస్‌వీజీ ఫైల్‌లో ఈ గోల లేదు. 2001లో వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ స్టాండర్డ్‌గా ఇచ్చిన ఈ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఉండేది ఉత్త మాటలూ అంకెలే: గీత ఇక్కడ మొదలు, అక్కడ ఆఖరు, మధ్యలో వంపుని తమవైపు లాగే రెండు పాయింట్లు. బెజియర్ కర్వ్ అంటే ఇదే, 1960ల్లో రెనో కంపెనీలో పియెర్ బెజియర్ కారు బాడీల వంపులు గీయడానికి వాడాడు (ఇంకో కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో ద కాస్టెల్జో అంతకు ముందే కనిపెట్టాడు గానీ కంపెనీ గుట్టుగా దాచింది, పేరు బెజియర్‌కి పోయింది). సైజు ఎంత అడిగితే అంతకి లెక్కేసి మళ్లీ గీస్తుంది, ఇక పగలడానికేముంది.

మరి ఫోటోలో వంపులు లేవు కదా, గడులే ఉన్నాయి. అందుకే ఫోటోని ఎస్‌వీజీ చేయడాన్ని కన్వర్ట్ అనడం నాకు నచ్చదు, ఇది అంచనా వేసి తిరగ్గీయడం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ నొక్కితే లోపల పనిచేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రామ్. అది ముందు ప్రతి పిక్సెల్‌ని నలుపో తెలుపో తేల్చేస్తుంది, తర్వాత నలుపు తెలుపుల సరిహద్దు వెంబడి నడుచుకుంటూ పోయి చుట్టు పూర్తి చేస్తుంది, ఆ మెట్లని వీలైనన్ని తక్కువ సరళరేఖలకి కుదించి, చివరికి మూల ఏది వంపు ఏది అని చూసి నునుపు చేస్తుంది.

నేనూ అదే చేశా. అట్ట మీద మరకలు కూడా నల్ల చుక్కలై వచ్చాయని స్పెకిల్స్ అనే ఆప్షన్ 2 నుంచి 100కి పెంచా, అంటే 100 పిక్సెల్స్ లోపు ముక్కలన్నీ తీసెయ్ అని. మరకలు పోయాయి, చూస్తే బోర్డు "కధల గూడు" అయ్యి కూర్చుంది! థ లో చుక్క అడ్డంగా పది పిక్సెల్స్, వైశాల్యం ఎనభైకి అటూ ఇటూ, దానికి మరకకీ అక్షరానికీ తేడా ఏం తెలుస్తుంది పాపం. నలుపు కొంచెం ఎక్కువ పట్టిందనుకోండి, ప పైన సందు పూడిపోయి వ అయిపోద్ది, అది ఇంకో తంటా.

ఇదంతా రెండు రంగుల రాతకి. మనిషి ఫోటో ఇస్తే మాత్రం దండగ అనే చెప్తాను, ఎందుకంటే బుగ్గ మీద వెలుగు కొంచెం కొంచెంగా మారుతుంది, దానికి అంచే లేదు, ట్రేస్ దాన్ని మండలాల మ్యాప్‌లా ముక్కలు చేస్తుంది, ముక్కలు పెంచితే ఫైల్ బరువెక్కుద్ది, తగ్గిస్తే ముఖం పోస్టర్ అవుద్ది. కొన్ని కన్వర్టర్లయితే అసలు గీయవు, ఫోటోనే ఎస్‌వీజీ సంచిలో పెట్టి ఇస్తాయి, పైగా అక్షరాలుగా మార్చి పెడతాయి కాబట్టి మూడో వంతు బరువు ఎక్కువ. జూమ్ చేస్తే గడులు కనపడ్డాయంటే అదే.

స్పెకిల్స్ 20కి దించి మిగిలిన మరకలు చేత్తో తీసి పెదనాన్నకి చూపించా. కళ్లజోడు పైకి జరిపి తలకట్టు చివర వేలు పెట్టాడు.

"ఏరా, బ్రష్ ఎత్తేటప్పుడు ఇక్కడ మొన వస్తది, ఇదేంటి గుండ్రంగా ఉంది?"

మూలల్ని గుండ్రం చేసే స్మూత్ కార్నర్స్ ఆప్షన్‌ని 1 దగ్గరే వదిలేశా. దాన్ని సగానికి దించి మళ్లీ ట్రేస్ కొట్టా.