సైరన్ ఆపాక మిగిలే పని: పారామెడిక్‌ల గురించి అపోహలు, వాస్తవాలు

పారామెడిక్‌గా, అంటే అంబులెన్స్‌లో వెళ్లి అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా, పదకొండేళ్లు పూర్తయ్యాయి. మూడేళ్లుగా శిక్షణలో ఉన్న విద్యార్థులను కూడా వెంట తీసుకెళ్తున్నాను. వాళ్లు మొదటి వారంలో వెంట తెచ్చుకునే నమ్మకాలు, డ్యూటీ లేని రోజున తెలిసినవాళ్లు నాతో అనే మాటలు చాలావరకు ఒకటే. వాటిలో కొన్ని ప్రాణాల మీదకు తెస్తాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: మీ పని రోగిని ఆసుపత్రికి చేర్చడమే కదా!

ఒకప్పుడు అంతే. 1960ల మధ్యలో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు చెందిన గుండె వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లోకి ఎక్కించారు. కారు బ్యాటరీలతో నడిచే ఆ యంత్రం దాదాపు 70 కిలోల బరువుండేది. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ మొదలైంది. ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫర్ ఆధ్వర్యంలో శిక్షణ ఇచ్చి పంపారు. చికిత్సే రోగి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన అలాంటి చోట్ల బలపడింది. సైరన్ మోగిస్తే చాలాసార్లు కలిసొచ్చేది కొద్ది నిమిషాలే. ప్రమాదం జరిగే అవకాశం మాత్రం పెరుగుతుంది. వాహనం వెనక భాగంలో నిలబడి సూది వేసేవారికి ప్రతి మలుపూ పరీక్షే.

అపోహ: సీపీఆర్ చేయగానే మనిషి దగ్గి లేచి కూర్చుంటాడు.

తెర మీద అలాగే చూపిస్తారు. నిజానికి సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీని చేతులతో నొక్కి రక్తాన్ని ఆడించడం, కష్టమైన శారీరక శ్రమ. పెద్దవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు బరువెక్కుతాయి కాబట్టి నొక్కే మనిషి మారాలి. మానిటర్‌పై గీత పూర్తిగా చదునుగా ఉంటే షాక్ ఇవ్వరు. గుండె అస్తవ్యస్తంగా వణుకుతున్నప్పుడో, నాడి అందనంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడో షాక్ పనిచేస్తుంది.

ఒక విద్యార్థిని మొదటిసారి నిజమైన మనిషి ఛాతీ మీద చేతులు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. పదో నొక్కుకో, పన్నెండో నొక్కుకో పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆమె చేతులు ఆగిపోయాయి. "ఆపకు, అదే లోతులో నొక్కు" అన్నాను. మళ్లీ మొదలుపెట్టింది. ఆ పెద్దాయన బతకలేదు. తిరిగి వచ్చేటప్పుడు అరచేతులు చూసుకుంటూ, "నేనే విరగ్గొట్టాను సార్" అంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఆగిపోయిన రక్తప్రసరణ మెదడును నిమిషాల్లోనే దెబ్బతీస్తుంది అని చెప్పాను. ఆ మాట ఆమెకు ఎంత ఊరటనిచ్చిందో నాకు తెలియదు.

చదువుతున్నవారు కూడా ఇది గుర్తుంచుకోండి: గుండె ఆగాక సీపీఆర్, షాక్ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతూ పోతుంది. స్పృహ లేని మనిషి ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే ఊపిరి ఆడుతోందని ఆగిపోకండి. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, నొక్కడం మొదలుపెట్టండి. మేము వచ్చేసరికి మీ చేతులు ఛాతీ మీద ఉంటే మా పని సగం అయినట్టే.

అపోహ: ఫిట్స్ వచ్చినవారి నోట్లో చెంచా పెట్టాలి.

వద్దు. నాలుకను మింగేయడం అంటూ ఉండదు. తల కింద మెత్తనిది పెట్టి, కదలికలు ఆగాక పక్కకు తిప్పండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్‌ను పిలవండి.

అపోహ: రోజంతా రక్తం, రోడ్డు ప్రమాదాలే.

అవి ఉంటాయి. కానీ ఎక్కువగా చూసేది ఆయాసం, కిందపడటాలు, ఛాతీ నొప్పి, భయం. తాగి పడిపోయాడని అందరూ వదిలేసిన మనిషి చొక్కా కాలర్ చెమటతో తడిసి ఉంటే షుగర్ పడిపోయిందేమో చూడాలి. తుంటి ఎముక విరిగిన ముసలావిడను స్ట్రెచర్ మీదకు ఎక్కించాక, ఆమె కళ్లజోడు వెతికి చేతిలో పెట్టడం కూడా పనే. అది లేకపోతే ఆసుపత్రిలో తన ముందు నిలబడింది ఎవరో కూడా ఆమెకు తెలియదు.

అపోహ: కొన్నాళ్లకు మనసు రాయవుతుంది.

నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. చేతులు వణకకపోవడం శిక్షణ వల్ల వస్తుంది, మనసు లేకపోవడం వల్ల కాదు. వెంటాడేది చాలాసార్లు రక్తం కాదు. నాకు మాత్రం గుమ్మం దగ్గర జిప్పు తెరిచి ఉన్న బడి సంచి ఒకటి ఇప్పటికీ కళ్ల ముందుకు వస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఇంట్లో చిన్నమాటకే విసుక్కోవడం, ఫోను మోగితే ఉలిక్కిపడటం వారాల తరబడి సాగితే వైద్య సహాయం తీసుకోవాలి. అలాగని ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించడమూ సరికాదు. పక్కన పనిచేసేవారు "తిన్నావా, పడుకున్నావా" అని అడిగితే చాలాసార్లు మాట దానంతటదే బయటికొస్తుంది.

అపోహ: రాత్రి డ్యూటీ దిగితే ప్రమాదం గడిచినట్టే.

వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. ఒక తెల్లవారుజామున సిగ్నల్ దగ్గర నా కళ్లు మూతపడ్డాయి, వెనక వాహనం హారన్ మోగించాక గానీ తెరుచుకోలేదు. ఇప్పుడు ఇరవై నిమిషాలు కునుకు తీశాకే బయల్దేరుతున్నాను. విద్యార్థులకూ అదే చెబుతాను, ఈ విషయంలో మొహమాటపడను.

అపోహ: "తెలియదు" అంటే విద్యార్థి పరువు పోతుంది.

ఒకసారి, పక్కటెముక విరిగిందని బాధపడిన ఆ విద్యార్థినే కేసు పత్రంలో శ్వాస వేగం నిమిషానికి 18 అని రాసింది. నేను లెక్కపెడితే 32 వచ్చింది. శ్వాస పెరగడం అంటే రోగి పరిస్థితి దిగజారుతోందని శరీరం ముందుగా చెప్పే సంకేతాల్లో ఒకటి. దాన్నే చాలామంది అంచనాతో నింపేస్తారు. నేను కోప్పడలేదు, ఎలా లెక్కపెట్టావని అడిగాను. "లెక్కపెట్టలేదు సార్, చూస్తే మామూలుగానే అనిపించింది" అని ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఆ మాట వినకపోతే తప్పు ఎక్కడ జరిగిందో నాకూ తెలిసేది కాదు.

తర్వాతి కేసులో ఆమె రోగి మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్లు మాత్రం ఛాతీ మీద నిలిపి నిమిషం నిండా లెక్కపెట్టింది. 14 వచ్చింది. అదే రాసింది.