చికారాంగ్ ఊళ్లలో భూమి కాగితాల కథ

ఇండోనేషియా ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఒక నిబంధన తెచ్చింది. గిరిక్ అనే పాత శిస్తు కాగితాల మీద భూమి అనుభవిస్తున్నవాళ్లు ఐదేళ్లలోగా, అంటే 2026 ఫిబ్రవరిలోగా, దాన్ని రిజిస్టర్ చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలని గడువు పెట్టింది. ఆ తర్వాత గిరిక్ హక్కుకు రుజువు కాదు, ఆ భూమి ఎక్కడుందో చెప్పే ఆనవాలుగా మాత్రమే పనికొస్తుంది. రూలు దేశమంతటికీ ఒకటే. కానీ జకార్తాకు తూర్పున, బెకాసి జిల్లాలోని చికారాంగ్ చుట్టుపక్కల ఊళ్లలో దీని బరువు వేరు. పాసిర్‌గోంబోంగ్, హర్జామెకార్, పాసిర్‌సారి, సుకారెస్మి లాంటివన్నీ కాగితం మీద ఇంకా గ్రామాలే. ఎన్నికైన ఊరి పెద్ద ఉంటాడు, కేంద్రం నుంచి గ్రామ నిధులు వస్తాయి. ఊరి పక్కనే మాత్రం ఫ్యాక్టరీ గోడ. గోడకు అవతలి భూమికి పక్కా పత్రాలున్నాయి. ఇవతల చాలా కుటుంబాల చేతిలో తాతల నాటి గిరిక్ ఉంది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలుసుకోకుండా అక్కడ స్థలం కొనడం, గదులు కట్టి అద్దెకివ్వడం గురించి మాట్లాడటం వృథా.

డచ్చివాళ్ల కాలంలో బెకాసి, తంబూన్ ప్రాంతంలో చాలా భూమి ప్రైవేటు ఎస్టేట్ల కింద ఉండేది. యజమానులు యూరోపియన్లు, చైనీస్ సంపన్న కుటుంబాలు. మన జమీందారీల్లాగే సాగుచేసేవాడు పంటలో వాటా ఇవ్వాలి, వెట్టి చేయాలి. 1869లో ఇక్కడ రైతులు తిరగబడ్డారు, దాన్ని అణచివేశారు. తంబూన్‌లో ఒక ఎస్టేటు కుటుంబం కట్టుకున్న పెద్ద బంగళా ఇప్పుడు మ్యూజియం. స్వాతంత్ర్యం వచ్చాక, 1958లో ఒక చట్టంతో ఆ ఎస్టేట్లు రద్దయ్యాయి. 1960లో వచ్చిన భూచట్టం పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే అంది, భూములన్నీ రిజిస్టర్ చేయాలంది. ఆ రెండో మాట దశాబ్దాలపాటు ఊళ్లదాకా చేరలేదు.

చేరనిచోట గ్రామ కార్యాలయంలోని లెటర్ సి పుస్తకమే దిక్కు. దాని ఒక్కో పేజీలో పట్టాదారు పేరు, కమతం నంబరు, భూమి తరగతి, విస్తీర్ణం, కట్టాల్సిన శిస్తు ఉంటాయి. మాగాణి అయితే 'ఎస్', మెట్ట అయితే 'డి', పక్కన తరగతి అంకె. అమ్మకం జరిగితే పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు. ఈ పుస్తకం లెక్కలో రైతు దగ్గరుండే కాగితమే గిరిక్. అది శిస్తు ఎవరు కడుతున్నారో చెబుతుంది తప్ప భూమి ఎవరిదో తేల్చదు. ఆ భూమి మీద తగాదా లేదని సంతకం పెట్టాల్సింది ఊరి పెద్ద. అందుకే ఇక్కడ ఏ భూమి లావాదేవీ అయినా ఆయన గుమ్మం తొక్కకుండా జరగదు. తర్వాత జరిగిన అన్యాయాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

చితారుమ్ నది మీద 1967లో పూర్తయిన జాతిలుహుర్ ఆనకట్ట ఈ ప్రాంతానికి కాలువ నీళ్లిచ్చింది. పక్కనున్న కరవాంగ్‌కు ధాన్యాగారమని పేరు. ఆ పొలాల మీదుగా 1988లో జకార్తా - చికాంపెక్ టోల్ రోడ్డు వచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి ప్రైవేటు కంపెనీలూ పారిశ్రామిక వాడలు వేసుకోవచ్చంది. అప్పటిదాకా జకార్తాలోని పులోగాదుంగ్ లాంటి వాడలను సర్కారు కంపెనీలే నడిపేవి. 1985 తర్వాత యెన్ విలువ పెరిగిపోవడంతో జపాన్ కంపెనీలు చౌకగా సరుకు తయారుచేసే చోటు వెతుక్కుంటున్నాయి. 1989లోనే చికారాంగ్‌లో జబాబెకా మొదలైంది, వెనకే జపాన్ పెట్టుబడితో మరికొన్ని వాడలు లేచాయి. ఇప్పుడు జబాబెకా ఒక్కటే తన విస్తీర్ణం సుమారు 5,600 హెక్టార్లు అని చెప్పుకుంటుంది. యూనిలీవర్, శామ్‌సంగ్ అక్కడే ఉన్నాయి. బార్బీ బొమ్మలు చికారాంగ్‌లో కూడా తయారవుతాయి.

అంత భూమి ఎలా చేతులు మారిందన్నదే అసలు విషయం. కంపెనీ ముందు ప్రభుత్వం దగ్గర 'లొకేషన్ పర్మిట్', అంటే ఫలానా హద్దుల్లో భూమి కొనుక్కునే అనుమతి, తీసుకునేది. ఆ గీత లోపల పడిన రైతుకు ఆచరణలో కొనుగోలుదారు ఒక్కడే. బయటివాళ్లు కొనడానికి జంకుతారు, కాబట్టి ధర కంపెనీ చెప్పిందే. ఊళ్లో తిరిగి సంతకాలు పెట్టించేది బియోంగ్, అంటే అక్కడి భూమి దళారి. చాలాసార్లు గ్రామ కార్యాలయపు మనిషే ఆ పని చేసేవాడు. గిరిక్ తప్ప ఇంకేం లేని రైతు బేరమాడగలిగింది చాలా తక్కువ. 1998 దాకా దేశాన్ని ఏలిన సుహార్తో కాలంలో అడ్డం తిరిగితే 'అభివృద్ధికి వ్యతిరేకి' అనే ముద్ర పడేది, దానికి జనం నిజంగా భయపడేవారు. సంతకం పెట్టినవాళ్లంతా ఇష్టపడి అమ్మారని ఇప్పుడు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అమ్మిన డబ్బుతో కొందరు హజ్ యాత్ర చేశారు, ఇల్లు కట్టుకున్నారు, మోటార్‌సైకిళ్లు కొన్నారు. కొందరు ఇంకా లోపలికి వెళ్లి చౌకగా పొలం కొనుక్కున్నారు. 1997-98 సంక్షోభంలో రుపియా కుప్పకూలి, డాలరుకు సుమారు 2,400 ఉన్నది ఒక దశలో 16,000 దాకా పోయింది. కంపెనీలు కొన్నాక ఏమీ కట్టకుండా వదిలేసిన భూముల్లో ఊరివాళ్లు మళ్లీ కూరగాయలు, వరి వేశారు. ఏళ్ల తర్వాత కంపెనీ వచ్చి ఖాళీ చేయమన్నప్పుడు రెండు పక్షాల దగ్గరా కాగితాలే.

అప్పుడు అంతా అమ్మేయకుండా ఇంటి చుట్టూ కాస్త జాగా ఉంచుకున్నవాళ్ల కథ వేరేలా నడిచింది. ఫ్యాక్టరీ పనికి తెగాల్, కెబుమెన్, లాంపుంగ్ లాంటి చోట్ల నుంచి కుర్రాళ్లు, ఆడపిల్లలు వచ్చారు. వాళ్లకు గదులు కావాలి. అలా పుట్టినవే కొంత్రాకన్‌లు. ఒకే పొడవాటి రేకుల కప్పు కింద వరసగా వాటాలు. ఒక్కో వాటాలో ముందుగది, పడకగది, వెనక వంటకీ స్నానానికీ కాస్త చోటు. గుమ్మం ముందు మోటార్‌సైకిల్, 19 లీటర్ల తాగునీళ్ల క్యాన్, తీగ మీద ఆరేసిన ఫ్యాక్టరీ యూనిఫాం. షిఫ్టు మారే వేళకు సందంతా బండ్లే. రంజాన్ పండగకు అందరూ సొంతూళ్లకు పోతారు, వారం రోజులు వీధి ఖాళీ. పండగ అయ్యాక తిరిగొచ్చేవాళ్లు తమ్ముణ్నో, పక్కింటి పిల్లనో వెంటబెట్టుకుని వస్తారు.

ఇంటివాళ్ల ఆదాయం కార్మికుల జీతంతో ముడిపడి ఉంది. 2012 జనవరిలో కనీస వేతనం మీద యజమానుల సంఘం కోర్టుకెక్కితే బెకాసి కార్మికులు టోల్ రోడ్డునే దిగ్బంధించారు. అలాంటి పోరాటాలతో పెరుగుతూ వచ్చి బెకాసి జిల్లాలో కనీస వేతనం 2025 నాటికి నెలకు 55 లక్షల రుపియాలు దాటింది. అది దేశంలోనే ఎక్కువ వేతనాల్లో ఒకటి. అదే ఏడాది సెంట్రల్ జావా ప్రావిన్సు కనీసం 22 లక్షల లోపే. ఎక్కువమంది చేతులతో పని చేయాల్సిన ఫ్యాక్టరీలు అటువైపు చూడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. గదులు కట్టేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇది. పక్కనున్నది కార్ల ఫ్యాక్టరీనా, చెప్పుల ఫ్యాక్టరీనా, పనివాళ్లు పర్మనెంటా, కాంట్రాక్టా? కాంట్రాక్టు ముగిసిన పిల్ల ఆ నెలాఖరుకే గది ఖాళీ చేస్తుంది.

ఇక స్థలం కొనేవాళ్లకు చట్టం పెట్టిన హద్దులున్నాయి. 1961 నాటి నిబంధన ప్రకారం సాగుభూమి యజమాని ఆ భూమి ఉన్న మండలంలోగానీ, దాని సరిహద్దు మండలంలోగానీ నివసించాలి. జకార్తావాళ్లు ఎందరో దీన్ని పట్టించుకోకుండా కొన్నారు. విదేశీయులకు పూర్తి యాజమాన్య హక్కు అసలే లేదు. నిర్ణీత కాలానికి వాడుకునే హక్కు మాత్రం ఉంది. ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లే మనవాళ్లకు ఎవరో ఒకరు స్థానికుడి పేరున బినామీగా కొనమని సలహా ఇస్తారు. ఆ మాట వినకండి. 1960 చట్టం 26వ సెక్షన్ ప్రకారం అలా చేతులు మారిన హక్కు చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే వీలు కూడా లేదు.

పెద్ద కంపెనీ పేరు చూసి నిశ్చింతగా ఉండటమూ కుదరదు. 2017లో హోరెత్తించే ప్రకటనలతో చికారాంగ్‌లో మొదలైన మేకార్తా టౌన్‌షిప్ విషయంలో మరుసటి ఏడాదే అనుమతుల లంచం కేసు బయటపడింది. బెకాసి జిల్లా అధిపతే అరెస్టయి జైలుకెళ్లారు. ఫ్లాట్లు అందని కొనుగోలుదారులు 2022 చివర్లో పార్లమెంటు ముందు నిరసనకు దిగారు.

ఈలోగా రవాణా మెరుగుపడింది. 2017లో లోకల్ రైలు చికారాంగ్ దాకా వచ్చింది, 2019 చివర్లో టోల్ రోడ్డు మీద ఎలివేటెడ్ మార్గం తెరుచుకుంది. 2022లో హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. భూమి బేరం మాత్రం ఇంకా తూర్పుకు జరిగింది. సుబాంగ్‌లో 2020 చివర పతింబాన్ రేవు తెరుచుకున్నాక అక్కడి పొలాల చుట్టూ దళారులు చేరారు. చైనా కంపెనీ బీవైడీ తన కార్ల ఫ్యాక్టరీకి ఎంచుకున్నదీ ఆ జిల్లానే. అక్కడి రైతులకు చికారాంగ్ వాళ్లకు అమ్ముకున్న రోజుల్లో దొరకనిది ఒకటుంది: 2017 నుంచి ప్రభుత్వం ఊరూరా భూములు కొలిచి సర్టిఫికెట్లిచ్చే కార్యక్రమం నడుపుతోంది. బియోంగ్ గుమ్మంలోకి రాకముందే ఆ సర్టిఫికెట్ చేతిలో పడాలి, ఇంటి చుట్టూ జాగా అమ్మకంలో కలవకూడదు. అక్కడ కొనాలనుకునే బయటివాళ్లు కూడా అమ్మేవాడి చేతిలో సర్టిఫికెట్ చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలి. అంతకుముందే ఇచ్చే డబ్బు ఆ రైతును తొందరపెట్టి చౌకగా అమ్మించడానికే పనికొస్తుంది.