గొంతు గిటార్‌ది, నోరు మనిషిది

పెడల్ స్టీల్ గిటార్ వాయించేవాళ్లకు ఒంట్లో ఏ భాగానికీ తీరిక ఉండదు. ఎడమ చేతిలో తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్లకు మీటే గోళ్లు. ఎడమ పాదం కింద శ్రుతి మార్చే పెడల్స్, కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్, మోకాళ్లకు అటూ ఇటూ మీటలు. ఖాళీగా మిగిలేది నోరొక్కటే. 1960లలో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో పేరు మోసిన పీట్ డ్రేక్ దానికీ పని కల్పించాడు.

1964లో ఆయన చేసిన ‘ఫరెవర్’ రికార్డులో గిటార్ పాడదు, పలుకుతుంది. తర్వాతి కాలంలో టాక్ బాక్స్ అని పేరుపడిన ఈ పరికరం చూస్తే నవ్వొచ్చేంత సాదాగా ఉంటుంది. ఒక 8 అంగుళాల స్పీకర్, దానికి బిగించిన గరాటు, గరాటు కొస నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం. ఆ గొట్టాన్ని నోటి మూలన పెట్టుకోవాలి. గిటార్ శబ్దం యాంప్లిఫయర్ నుంచి గొట్టం గుండా నోట్లోకి వస్తుంది. వాయించే మనిషి గొంతు కలపడు, పాటలోని మాటలకు తగ్గట్టు నోరు మాత్రం కదుపుతాడు. బయటికొచ్చిన శబ్దాన్ని ఎదురుగా ఉన్న మైకు పట్టుకుంటుంది.

ఇదెలా పనిచేస్తుందో మన నోటితోనే చూడొచ్చు. ఒకే శ్రుతి మీద ఆపకుండా ‘ఆ... ఈ... ఊ’ అనండి. స్వరతంత్రులు చేస్తున్న పని మారలేదు. మారింది నాలుక, దవడ, పెదవుల అమరిక. స్వరతంత్రుల దగ్గర పుట్టేది నిజానికి ఒక రకమైన రొద. అందులో అసలు శ్రుతితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఎన్నో పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. పెద్దవాళ్లలో, మగవాళ్ల లెక్కన, స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా దారి సుమారు 17 సెంటీమీటర్లు. గొట్టంలాంటి ఆ దారి కొన్ని పౌనఃపున్యాలను పెంచుతుంది, కొన్నింటిని అణచేస్తుంది. పెరిగిన చోట్లనే ఫార్మెంట్లు అంటారు. ‘ఆ’ అన్నప్పుడు మొదటి రెండు ఫార్మెంట్లు సుమారు 700, 1100 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ‘ఈ’ అనగానే మొదటిది 300 కిందికి దిగిపోతుంది, రెండోది 2200 దాటుతుంది. ‘ఊ’లో రెండూ కిందికే దిగుతాయి. చెవి అచ్చులను గుర్తుపట్టేది ప్రధానంగా ఈ జంటను బట్టే.

అంటే రొద ఎక్కడి నుంచి వచ్చినా నోటికి పట్టింపు లేదు. గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన వాళ్లకు వైద్యులు ఇచ్చే పరికరాల్లో ఒక రకం ఇదే పని చేస్తుంది: బజర్ శబ్దాన్ని సన్నటి గొట్టంతో నోట్లోకి పంపుతుంది. దాంతో మాటలు అర్థమవుతాయి గానీ శ్రుతి పెద్దగా కదలదు. అందుకే మనిషి మాటలా కాక యంత్రం మాటలా వినిపిస్తుంది.

స్టీల్ గిటార్ దగ్గర సరిగ్గా ఆ లోటే లేదు. మెట్లు లేని వాద్యం కనుక కడ్డీ జారుతుంటే శ్రుతి ఎక్కడా తెగదు. మన గోటువాద్యం విన్నవాళ్లకు ఈ జారుడు గురించి వేరే చెప్పక్కర్లేదు. పైగా తీగ నాదం తగ్గుతూ పోయే కొద్దీ వాల్యూమ్ పెడల్ తొక్కుతూ దాన్ని నిలబెట్టవచ్చు. మనిషి గొంతులో ఉండే జారుడూ నిలకడా ఈ వాద్యానికి ముందే ఉన్నాయి. లేనివి అచ్చులే.

డ్రేక్ కంటే ముందే ఈ దారి పట్టినవాడు ఆల్వినో రే అనే అమెరికన్ గిటారిస్టు. 1939లో ఆయన స్టీల్ గిటార్ శబ్దాన్ని గొంతుకు ఆనించుకునే మైకులోకి ఎదురు దిశలో పంపాడు, అంటే మైకును బుల్లి స్పీకర్‌గా మార్చాడు. దాన్ని మెడకు కట్టుకుని ఆయన భార్య లూయీస్ కింగ్ తెర వెనక నిలబడి మాటలకు నోరు కదిపేది. చప్పట్లు మాత్రం తెర ముందున్న గిటార్‌కే పడేవి!

హల్లుల దగ్గరే అసలు చిక్కు. ‘ప’, ‘బ’ పలకాలంటే పెదవులు మూసి తెరిస్తే సరిపోతుంది. ‘క’కు నాలుక వెనక భాగం అంగిలిని మూయాలి. కానీ గొట్టం శబ్దాన్ని దానికంటే ముందున్న చోట వదులుతోంది, కాబట్టి అక్కడ మూసినా శబ్దం ఆగదు. ‘స’, ‘హ’లకు ఊపిరి కావాలి, తీగ దగ్గర ఊపిరి ఎక్కడిది? ఇక ఖ, ఘల సంగతి అడగనే వద్దు. అందుకే శ్రోతకు ముందే తెలిసిన మాటలైతేనే ఈ వాద్యం బాగా ‘మాట్లాడుతుంది’. మిగతాది మెదడు పూరించుకుంటుంది. పై స్థాయి స్వరాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. 880 హెర్ట్జ్ స్వరం మీద ‘ఈ’ పలకబోతే, 300 దగ్గర పెంచడానికి అసలు శబ్దమే ఉండదు. అచ్చులన్నీ ఒకేలా తోస్తాయి.

డ్రేక్ గరాటు శబ్దం స్టూడియోకి మాత్రమే చాలేది. 1969లో కస్టమ్ కంపెనీ ‘ది బ్యాగ్’ పేరుతో భుజానికి తగిలించుకునే సంచిలో ఇలాంటిదే అమ్మింది. 1973లో బాబ్ హీల్ పెద్ద కచేరీల హార్న్ స్పీకర్లలో శబ్దం పుట్టించే డ్రైవర్ అనే భాగంతో, వేదిక మీద కూడా గట్టిగా వినిపించే పెట్టె తయారుచేశాడు. ఈలోగా 1970లో లండన్‌లో బీటిల్స్ బృందంలో పేరొందిన జార్జ్ హారిసన్ ఆల్బమ్ రికార్డింగ్‌కు వచ్చిన డ్రేక్ తన గొట్టాన్ని పీటర్ ఫ్రాంప్టన్ అనే కుర్ర గిటారిస్టుకు చూపించాడు. 1976లో ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్ ఊపేశాక టాక్ బాక్స్ అంటే రాక్ గిటార్ సొత్తే అనుకున్నారు జనం. నా మట్టుకు అది స్టీల్ దగ్గరే ఎక్కువ నప్పుతుంది. ఒకే కడ్డీ కింద మూడు తీగలు కలిపి మీటి నోరు ‘ఆ’ నుంచి ‘ఈ’కి మార్చండి. మూడు స్వరాలూ ఒకేసారి ఒకే అచ్చు పలుకుతూ, కలిసికట్టుగా జారతాయి. మామూలు పాటలో అలా వినిపించాలంటే ముగ్గురు గాయకులు కావాలి.