కింగ్ కౌంటీ చెత్త లెక్క

సమామిష్, వాషింగ్టన్ రాష్ట్రం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ బళ్ళో మన కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చెత్త ప్రణాళిక మీద ప్రాజెక్టు ఇచ్చారనీ, ఆ ప్లాను వందల పేజీలుందని మీరు బెంబేలెత్తిపోతున్నారనీ అమ్మ చెప్పింది. మునిసిపాలిటీలో ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి, ఇలాంటివి చదవడం నాకు సరదా. అడక్కపోయినా రాస్తున్నాను.

ముందు ఒక చెత్త కొండ సంగతి. మేపుల్ వ్యాలీ దగ్గర సీడర్ హిల్స్ అని 920 ఎకరాల స్థలం ఉంది. 1960ల నుంచీ కౌంటీ చెత్త పోసేది అక్కడే. మన ఇంటి ముందుకొచ్చే లారీ నేరుగా అక్కడికి పోదు. ఫాక్టోరియా, బో లేక్ లాంటి ట్రాన్స్‌ఫర్ స్టేషన్లలో చెత్త దించేసి వస్తుంది. అక్కణ్ణుంచి పెద్ద ట్రైలర్లలో కొండకు తోలతారు, ఏడాదికి 8 లక్షల టన్నులకు పైనే. వాన పడితే ఆ నీళ్ళు చెత్తలోంచి ఫిల్టర్‌లో డికాక్షన్ దిగినట్టు నల్లగా దిగుతాయి. అవి నేలలోకి ఇంకకుండా కింద పొరలు పరిచి, పైపులతో పట్టి, శుద్ధి చేసే చోటికి పంపుతారు. లోపల కుళ్ళి పుట్టే మీథేన్‌ను ఇంకో వరస పైపులతో పైకి లాగుతారు. 2009 నుంచి దాన్ని శుభ్రం చేసి గ్యాస్ పైప్‌లైన్‌లో కలుపుతున్నారు. డంపింగ్ యార్డ్ అంటే ఊరి చివర పొగలు కక్కే గుట్ట అనుకునే నాకు ఇది చదువుతుంటే ముచ్చటేసింది.

కానీ ఎంత బాగా కట్టినా కొండ నిండక మానదు. ప్లాను పుట్టింది ఆ బెంగతోనే. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రతి కౌంటీ 20 ఏళ్ళ అవసరాలు ముందే లెక్కగట్టి ప్లాను రాసుకోవాలి, ఐదేళ్ళకోసారి తిరగేసి చూసుకోవాలి. చట్టమే అలా ఉంది. 2019 ప్లానులో పెద్ద ప్రశ్న ఒక్కటే: సీడర్ హిల్స్ నిండాక ఎక్కడికి? మూడు దారులు చూశారు. కొండలోనే ఇంకొంత చోటు చేసుకోవడం, రైల్లో దూరపు ల్యాండ్‌ఫిల్‌కు (చెత్త పూడ్చే చోటికి) పంపడం, కాల్చి కరెంటు తీయడం. చివరికి మొదటి దారే పట్టారు. సియాటిల్ ఇదే కౌంటీలో ఉన్నా దాని చెత్త వ్యవస్థ వేరు. అక్కడి చెత్త రైలెక్కి ఆరిగన్‌లోని ఆర్లింగ్టన్ దాకా పోతుంది.

నన్నడిగితే కాల్చడం కంటే కొండే నయం. కాల్చినా బూడిద మిగులుతుంది, దానికీ చోటు కావాలి. పైగా అంత ఖర్చు పెట్టి కట్టిన కొలిమికి రోజూ చెత్త అందించాలి, అప్పుడు చెత్త తగ్గించాలన్న పట్టుదల ఎవరికుంటుంది? అయితే ఆ కొండ పక్కన ఇళ్ళున్నవాళ్ళను అడిగితే ఇంకోలా చెబుతారు, అదీ న్యాయమే. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, వాసన మాత్రం పక్కనున్నవాళ్ళకే.

ఇలాంటి ప్లాను ఆఫీసులో కూర్చుని ఒకరు సంతకం పెడితే అయిపోదు. ఈ వ్యవస్థలో 37 నగరాలున్నాయి, మన సమామిష్‌తో సహా. ప్లాను మీద తీర్మానం చేసిన నగరాల మొత్తం జనాభాలో ముప్పాతిక వంతు ఏ నగరాల్లో ఉందో అవి ఒప్పుకోవాలి, ఆ తర్వాత రాష్ట్ర పర్యావరణ శాఖ ఆమోదించాలి.

డబ్బు సంగతి మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయండి, టీచరు మెచ్చుకుంటారు. కౌంటీకి ఆదాయం ముఖ్యంగా టన్నుకింత అని వసూలు చేసే రుసుము నుంచే. మనం చెత్త తగ్గించామనుకోండి, ఆదాయం పడిపోతుంది. ట్రాన్స్‌ఫర్ స్టేషన్లూ జీతాలూ మాత్రం తగ్గవు. అంటే కౌంటీ తన పని బాగా చేస్తే తనకే నష్టం! అందుకే ఈమధ్య టన్నులతో సంబంధం లేని వార్షిక రుసుము కొంత పెట్టారు.

ఇక రీసైక్లింగ్. కొండకు చేరేదాంట్లో దాదాపు 70 శాతం అక్కడికి పోనక్కర్లేనిదేనని కౌంటీయే అంటోంది. అందులో తిండి పదార్థాలు చాలా ఎక్కువ. మామిడి టెంకలు, అరటి తొక్కలు, వాడిపోయిన కరివేపాకు, మీరు పళ్ళెంలో వదిలేసే అన్నం అన్నీ ఆకుల డబ్బాలో వేస్తే కంపోస్టు అవుతాయి. నూనె మరకల పిజ్జా అట్టపెట్టె కూడా అందులోకే. ప్లాస్టిక్ సంచులు మాత్రం రీసైక్లింగ్ డబ్బాలో వేయకండి. వేరుచేసే యంత్రంలో తిరిగే చక్రాలకు అవి చుట్టుకుపోతాయి. అప్పుడు యంత్రం ఆపి, మనుషులు లోపలికి దిగి, కత్తులతో కోసి తీయాలి. 2018లో చైనా విదేశీ చెత్త కాగితం, ప్లాస్టిక్ తీసుకోవడం దాదాపు ఆపేసింది. తీసుకునే కొద్ది సరుకులోనూ మలినం అర శాతం దాటకూడదంది. అప్పటిదాకా ఓడలెక్కించి చేతులు దులుపుకున్న ఊళ్ళన్నిటికీ టెన్షన్ పట్టుకుంది. మా చిన్నప్పుడు పాత పేపర్లు, ఖాళీ సీసాలు కొనేవాళ్ళు వీధిలోకే వచ్చి తూకం వేసి డబ్బులిచ్చేవాళ్ళు. శుభ్రంగా లేకపోతే వాళ్ళూ కొనేవాళ్ళు కాదు. చైనా చేసిందీ అదే.

గ్యారేజీలో సూట్‌కేసులు తూచే కాటా ఉంది. ఒక వారం మన మూడు డబ్బాల్లో (చెత్త, రీసైక్లింగ్, ఆకులు) పడేవి సంచుల్లో కట్టి విడివిడిగా తూచి రాసుకోండి. పండగలకి తెచ్చే మెరిసే పేపర్ ప్లేట్లు వేరే సంచిలో పెట్టండి. వాటికి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి కంపోస్టుకు పనికిరావు. వచ్చే శనివారం ఆ పాత పరుపు ఇవ్వడానికి నాన్న ఫాక్టోరియా వెళ్తాడట. నేనూ వస్తాను, మీరూ రండి.

ఉంటాను,
మీ తాతయ్య