గుడి, బడి, చర్చి: గ్రామ చరిత్రలో అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో గ్రామ చరిత్రలు సేకరించే మాబోటివారికి ఊరూరా దాదాపు ఒకే సమాధానం వస్తుంది: గుడి రాజులు కట్టించారు, బడి ప్రభుత్వం పెట్టింది, చర్చి దొరలు ఇచ్చారు. వీటిని నడిపించడానికి భూమినీ సొమ్మునూ ఇచ్చిన ఊరివారు ఈ సమాధానంలో ఎక్కడా కనిపించరు.

అపోహ: గుడి రాజుల చలవే.

వాస్తవం: ద్రాక్షారామ భీమేశ్వరాలయాన్ని తూర్పు చాళుక్య రాజైన చాళుక్య భీముడితో ముడిపెట్టడం పరిపాటి. కానీ అక్కడి శాసనాలను వరుసగా చదివితే, అఖండ దీపానికి నెయ్యి అందేలా గొర్రెలనూ ఆవులనూ సమర్పించిన అధికారులు, స్త్రీలు, వర్తకులు కూడా కనిపిస్తారు. అంతర్వేది ఆలయాన్ని 19వ శతాబ్దిలో పునర్నిర్మించినది అగ్నికుల క్షత్రియుడైన కొపనాతి కృష్ణమ్మ (పేరు చూసి కొందరు స్త్రీ అనుకుంటారు, పురుషుడే). శాసనాలు లేని చిన్న ఊళ్లలో ముందుగా చూడవలసినవి ఇనాం (శిస్తు మినహాయింపుతో ఇచ్చిన) భూముల హక్కులను విచారించడానికి 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టర్లు. ఏ భూమి ధూపదీప నైవేద్యాలకు, ఏది అర్చకునికి, ఏది భజంత్రీలకు చెందినదో వాటిలో నమోదై ఉంటుంది. గ్రామదేవతల గుళ్లకు చాలాచోట్ల ఈ ఆధారం కూడా దొరకదు. అంతమాత్రాన అవి కొత్తవని తేల్చకూడదు.

అపోహ: రాతి మీద సంవత్సరం పేరు ఉంటే కాలం తేలినట్టే.

వాస్తవం: సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. "ప్రభవ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి" అని మాత్రమే ఉంటే అది 1868 కావచ్చు, 1928 కావచ్చు, 1988 కూడా కావచ్చు. వీటిలో అన్నిటికంటే పాతదాన్ని ఎంచుకోవాలన్న ఉత్సాహం ఊరి పెద్దలకు సహజంగానే ఉంటుంది. వారం కూడా చెక్కి ఉంటే పంచాంగంతో సరిచూసుకోవచ్చు. శక సంవత్సరం ఇచ్చి ఉంటే క్రీస్తు శకంలోకి మార్చడానికి దానికి 78 కలపాలి, మాఘ ఫాల్గుణాలైతే 79.

అపోహ: దొరలు రాకముందు బడి లేదు, వచ్చాక వారే పెట్టారు.

వాస్తవం: మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణలో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులు లెక్కకు వచ్చాయి. ఆ వీధిబడుల్లో అరుగుల మీద చదువు సాగేది. అయితే మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు వాటిలో చోటు ఉండేది కాదన్నది కూడా అదే చరిత్రలో భాగం. దాన్ని వదిలేసి వీధిబడిని పొగడడం నాకు సమ్మతం కాదు. ఇక 1850ల మధ్యలో సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురం ప్రాంతంలో ప్రారంభించిన పల్లెబడులు, రైతులు శిస్తుతో పాటు అదనంగా చెల్లించిన సొమ్ముతో నడిచాయి. ఆ వసూలుకు చట్టబద్ధత కల్పించినది 1863 నాటి మద్రాసు విద్యా చట్టం. నరసాపురంలోని ఉన్నత పాఠశాలకు టేలర్ పేరు నిలిచింది కానీ, శిస్తు మీద అదనం కట్టిన రైతుల పేర్లు ఏ గోడ మీదా లేవు.

అపోహ: చర్చి వయసు భవనం మీది తేదీతో మొదలవుతుంది.

వాస్తవం: విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు 1836లోనే ఇటు వచ్చి నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. పల్లెల్లో వారంలో బడిగా నడిచిన తాటాకు పాకే ఆదివారం ప్రార్థనామందిరమయ్యేది. పంతులే ప్రసంగమూ చేసేవాడు. పక్కా కట్టడం ఎన్నో ఏళ్ల తరువాతి సంగతి. కాబట్టి ఇటువంటిచోట బడి చరిత్రనూ చర్చి చరిత్రనూ విడివిడిగా రాయడానికి వీలుపడదు.

అపోహ: జిల్లా పరిషత్ పాఠశాల అంటే 1959 తరువాతిదే.

వాస్తవం: ఆ ఏడాది జిల్లా పరిషత్తులు వచ్చాయి. అంతకుముందు అవే జిల్లా బోర్డు బడులు.

అపోహ: పాత కాగితాలన్నీ వరదల్లో పోయాయి.

వాస్తవం: 1953, 1986 వరదల్లో ఊళ్లలోని ప్రతులు తడిసి పోయి ఉండవచ్చు, పై కార్యాలయాలకు వెళ్లిన ప్రతులను కూడా వెతకాలి. చాలామంది అక్కడే దారి తప్పుతారు. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు 1904 వరకు గోదావరి జిల్లాలోనూ, ఆ తరువాత కృష్ణా జిల్లాలోనూ ఉండి, 1925లో పశ్చిమ గోదావరిలోకి వచ్చాయి. 1910లో తెరిచిన బడి వివరాల కోసం పశ్చిమ గోదావరి దస్త్రాలు మాత్రమే తిరగేస్తే ఏమీ దొరకదు. కృష్ణా జిల్లా దస్త్రాలు అడగాలి.